అల్ ఐన్ ఒయాసిస్‌కు చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో ఒక రోజు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: దుబాయ్ నుంచి డిసెంబరులో ఒక శనివారం, ఏడు సీట్ల కారులో ఆరుగురు. 3, 8 ఏళ్ల పిల్లలు, ఇండియా నుంచి విజిట్ వీసా మీద వచ్చిన మీ అమ్మానాన్నలు, మీరిద్దరు. ఒయాసిస్‌లో చాప పరుచుకుని భోంచేసి, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు.

అల్ ఐన్ అబుదాబి ఎమిరేట్‌లోని ఊరు, హాయిగా వెళ్లి రావచ్చు. ప్లానులో ఒక్కటి మాత్రం మార్చండి. భోజనం ఒయాసిస్‌లో పెట్టుకోకండి. పొద్దున ఒయాసిస్‌లో నడక, మధ్యాహ్నం భోజనం అదే ఊరి శివార్లలో కొండ కింద ఉన్న గ్రీన్ ముబజ్జరా పార్కులో. ఈ రెండింటినీ విడదీస్తే మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే తీరిపోతాయి.

కారణం చెప్తాను. ఒయాసిస్ అనగానే మన కళ్లముందు ఇసుక మధ్య ఒక కొలను, చుట్టూ నాలుగు చెట్లు కనబడతాయి. అల్ ఐన్‌లో అలాంటి కొలనేమీ ఉండదు. అది ఊరి నడిబొడ్డున ఉన్న ఖర్జూరపు తోటల సముదాయం. సుమారు 1,47,000 ఖర్జూరపు చెట్లు, వంద దాకా రకాలు, వాటి నీడలో అక్కడక్కడ మామిడి, నిమ్మ, అరటి, పశువుల మేత. ఈ తోటలు స్థానిక కుటుంబాలవి, ఇప్పటికీ సాగులో ఉన్నాయి. మనం నడిచేది తోటల మధ్య, మట్టిగోడల నడుమ వేసిన బాటల మీద. గోడకు అవతల ఉన్నది వేరొకరి పొలం, అందులోకి దిగి చాప వెయ్యకూడదు, రాలిన కాయైనా ఏరుకోకూడదు. బాటల పక్కన బెంచీలు ఉన్నాయి, పిల్లలకు బిస్కెట్టు పెట్టి నీళ్లు తాగించడానికి అవి చాలు. ఆరుగురు గిన్నెలు విప్పుకుని కూర్చునే చోటు కాదది. తోట పనివాళ్ల బండ్లు కూడా అదే బాటలో వస్తుంటాయి.

2011లో యునెస్కో అల్ ఐన్ సాంస్కృతిక స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ ఒయాసిస్ కూడా అందులో చేరింది. యూఏఈకి దక్కిన తొలి గుర్తింపు అదే. దానికి మూలం ఫలజ్ అనే నీటి పద్ధతి. కొండల దిగువన లోతైన తల్లిబావి తవ్వి, అక్కడి నుంచి కొద్దిపాటి వాలుతో భూమి లోపల సొరంగం తీసి, మోటారు అవసరం లేకుండా నీళ్లను తోటల దాకా తెస్తారు. సొరంగం పొడవునా పూడిక తీయడానికి నిలువు గుంతలు ఉంటాయి. అల్ ఐన్ పరిసరాల్లో ఇలాంటి కాలువలు సుమారు 3,000 ఏళ్ల నాటివి బయటపడ్డాయి. ఈ ఒయాసిస్‌కు నీళ్లిచ్చేవి అల్ ఐనీ, అల్ దావూదీ అనే రెండు ఫలజ్‌లు. భూగర్భజలం బాగా అడుగంటిపోయింది కాబట్టి ఇప్పుడు బోర్ల నీళ్లు కూడా తోడై కాలువల్లో పారుతున్నాయి.

ఇదంతా ఎందుకంటే, కాలువల్లో నీళ్లు ఎప్పుడూ ఉండవు. మన ఊళ్లలో చెరువు నీళ్లకు వంతులున్నట్టే ఇక్కడా ఏ తోటకు ఎంతసేపన్నది వంతుల లెక్క. మీరు వెళ్లిన గంటలో ఒక కాలువ నిండుగా పారుతుంటుంది, పక్కది ఎండిపోయి ఉంటుంది. "సెలయేరు చూపిస్తాం" అని పిల్లలను తీసుకెళ్తే, మొదటి పది నిమిషాల్లో ఎండు కాలువే ఎదురైతే ఏడుపు మొదలవుతుంది. "నీళ్లు ఎక్కడ పారుతున్నాయో వెతుకుదాం" అని చెప్పి తీసుకెళ్లండి. ఎనిమిదేళ్ల వాడికి మట్టితోనో గుడ్డతోనో కాలువకు అడ్డు వేసి నీళ్లు మళ్లించే చోట్లు చూపిస్తే చాలాసేపు అక్కడే ఉండిపోతాడు. కాలువలో కాళ్లు పెట్టడం, ఆకులు, కాగితపు పడవలు వెయ్యడం మాత్రం వద్దు. చిన్న తూముల్లో అవే అడ్డం పడతాయి. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మూడేళ్ల పాపను కాలువ అంచున చెయ్యి వదలకండి. లోతు తక్కువే, కానీ అంచులు పాకుడు పట్టి జారతాయి.

ఇక కాలం. నవంబరు నుంచి మార్చి మధ్య దాకా మంచిది, డిసెంబరు, జనవరి అన్నిటికన్నా హాయి. పగలు 25 డిగ్రీల అటూఇటూ, తెల్లవారుజామున బాగా చలి. పెద్దవాళ్లకు స్వెటరు, పిల్లలకు టోపీ బయలుదేరేటప్పుడే వెయ్యండి. అయితే చలికాలంలో చెట్ల మీద ఖర్జూరాలు కనిపించవు. గెలలు పండేది జూన్ నుంచి ఆగస్టు, సెప్టెంబరు దాకా, అంటే సరిగ్గా 45 డిగ్రీలు దాటే రోజుల్లో. అమ్మగారికి చెట్టున పండిన ఖర్జూరం చూపించాలన్న ఆశ ఉంటే ముందే చెప్పేయండి, డిసెంబరులో అది కుదరదు. ఫిబ్రవరి, మార్చిలో వెళ్లేవాళ్లకు ఇంకో వేడుక దొరుకుతుంది. మగచెట్ల పుప్పొడిని ఆడచెట్ల పూగుత్తులకు చేత్తో అద్దే పని అప్పుడే. నడుముకు, చెట్టుకు కలిపి తాడు చుట్టుకుని పనివాళ్లు ఎక్కడం మన గీత కార్మికులు తాడిచెట్టెక్కే తీరుకు దగ్గరగా ఉంటుంది. వాళ్లను ఫోటో తీసే ముందు అడగండి. అనుమతి లేకుండా మనుషుల ఫోటోలు తీయడం ఈ దేశంలో చట్టరీత్యా నేరం కావచ్చు, ముఖ్యంగా ఆడవాళ్లవి.

దారి విషయానికి వస్తే, దుబాయ్ నుంచి ఈ66 (E66) హైవే మీద సుమారు 130 కిలోమీటర్లు, గంటన్నర. ఉదయం 7కు బయలుదేరితే ఎనిమిదిన్నరకు చేరతారు. ఒయాసిస్ సాధారణంగా ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది, ప్రవేశం ఉచితం. రంజాన్‌లో వేళలు మారతాయి. మీరు అబుదాబి నగరంలోకి వెళ్లడం లేదు కాబట్టి దర్బ్ అనే అక్కడి రోడ్డు టోల్ గురించి ఆలోచించక్కర్లేదు.

డిసెంబరులో అసలు సమస్య పొగమంచు. ఈ దారిలో తెల్లవారుజాము నుంచి ఎనిమిది, తొమ్మిది దాకా దట్టంగా పట్టే రోజులుంటాయి. ముందురోజు రాత్రి జాతీయ వాతావరణ కేంద్రం హెచ్చరిక చూసుకుని, పొగమంచు ఉందంటే ఎనిమిదిన్నరకు బయలుదేరండి. గంటన్నర పోతే పోయింది. అబుదాబి ఎమిరేట్‌లో పొగమంచు పట్టినప్పుడు వేగ పరిమితిని 80కి తగ్గిస్తారు, రోడ్డు మీద ఎలక్ట్రానిక్ బోర్డుల్లో చూపిస్తారు, కెమెరాలు కూడా దాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. చాలామంది పొగమంచులో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడుపుతుంటారు, అది తప్పు. అవి ఆగిన బండికి గుర్తు. నడుస్తున్న బండి మీద వేస్తే వెనకవాళ్లకు మీరు లేన్ మారుతున్నదీ తెలియదు, జరిమానా కూడా ఉంది. ఫాగ్ లైట్లు, లో బీమ్ చాలు.

ఇంకో మెలిక. దుబాయ్‌లో బోర్డు మీద ఉన్న పరిమితికి 20 కిలోమీటర్లు అదనంగా పోయినా కెమెరా పట్టదని అందరికీ అలవాటు. దారిలో అల్ ఫఖా అనే చోట దుబాయ్ ముగిసి అబుదాబి ఎమిరేట్ మొదలవుతుంది. అక్కడి నుంచి ఆ వెసులుబాటు లేదు, 2018 ఆగస్టులోనే తీసేశారు. బోర్డు మీద ఎంతుంటే అంతే. దుబాయ్ అలవాటుతో వెళ్లేవాళ్లకు జరిమానా పడేది ఇక్కడే.

కారులో కూర్చునే తీరు ముందే నిర్ణయించుకోండి. మూడేళ్ల పాపకు చైల్డ్ సీటు తప్పనిసరి, నాలుగేళ్లలోపు అందరికీ అదే నిబంధన. బెల్టుగానీ సీటుగానీ లేకపోతే 400 దిర్హమ్‌ల జరిమానా, లైసెన్సు మీద నాలుగు బ్లాక్ పాయింట్లు. ఎనిమిదేళ్ల బాబు ఎంత మారాం చేసినా ముందు సీటు వద్దు. పదేళ్లలోపు పిల్లలను ముందు కూర్చోబెడితే అబుదాబిలో కారునే జప్తు చేస్తారు, విడిపించుకోవడానికి 5,000 దిర్హమ్‌లు కట్టాలి. ఈ దారి ఆగ్నేయం వైపు సాగుతుంది కాబట్టి చలికాలం పొద్దున ఎండ ఎడమ పక్క నుంచి పడుతుంది, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ఎడమ పక్కే. చైల్డ్ సీటు కుడి వైపు బిగించండి, రెండు పూటలా పాప నీడలో నిద్రపోతుంది. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి సీటు వెనక్కి జరపండి. మోకాళ్లు మడిచి గంటన్నర కూర్చుంటే దిగాక నడక కష్టమవుతుంది. మూడో వరుసలో పెద్దవాళ్లను అసలు కూర్చోబెట్టొద్దు.

ఒయాసిస్‌కు చాలా గేట్లున్నాయి, తికమక అంతా అక్కడే. మీకు అల్ ఐన్ ప్యాలెస్ మ్యూజియం పక్కనున్న పడమటి వైపు గేటు నయం. మ్యూజియం, ఒయాసిస్ రెండూ ఒకే పార్కింగ్‌తో అయిపోతాయి. కారు దిగగానే ఫోనులో ఆ చోటును పిన్ చేసి, అదే పిన్ ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి. లోపలి బాటలన్నీ ఒకేలా ఉంటాయి, అటూఇటూ మట్టిగోడ, పైన మట్టలు, కనుచూపు మేరలో గుర్తుపట్టే కట్టడం ఉండదు. నడుస్తూ నడుస్తూ ఇంకో గేటులోంచి బయటపడితే కారు ఎక్కడో ఉంటుంది, ఊరి రోడ్డు మీద ఎండలో చుట్టు తిరిగి రావాలి. కాబట్టి చుట్టేసి రావాలనుకోకండి. 40 నిమిషాలు లోపలికి, 40 నిమిషాలు వెనక్కి. నాన్నగారి నడకను బట్టే ఆ 40 నిమిషాలు లెక్కపెట్టండి, పిల్లల పరుగును బట్టి కాదు.

ప్రధాన బాటలు రాళ్లు పరిచి చదునుగా ఉన్నాయి, స్ట్రోలర్, చక్రాల కుర్చీ వెళ్తాయి. అక్కడక్కడ కొద్దిగా ఎగుడుదిగుడు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు చేతికర్ర తీసుకెళ్లడం మంచిది, నామోషీ పడితే స్ట్రోలర్ తోసే పని అప్పగించండి, పట్టుకోవడానికి ఆసరా దొరుకుతుంది. టాయిలెట్లు గేట్ల దగ్గర ఉంటాయి, లోపల మధ్యలో వెతుక్కోవాలి. పెద్దవాళ్లిద్దరినీ, పాపనూ లోపలికి వెళ్లే ముందే తీసుకెళ్లండి.

ముళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఖర్జూరపు మట్ట మొదట్లో ఆకులు గట్టిపడి సూదుల్లా ఉంటాయి, పెద్దవి వేలంత పొడవు. కొట్టేసిన మట్టలు బాట పక్కన పడి ఉంటే పిల్లలు కత్తుల్లా ఆడుకుంటారు, కంటికి ప్రమాదం. చెప్పులు వద్దు, ముందు భాగం మూసి ఉన్న బూట్లు వెయ్యండి. ముల్లు గుచ్చుకుని కొన విరిగి లోపలే ఉండిపోతే ఆ రోజు పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. అది మోకాలు, వేలి కణుపు లాంటి కీలు దగ్గరైతే కొన్ని రోజులకో, వారాలకో ఆ కీలు వాస్తుంది. అప్పుడు డాక్టరుకు ఖర్జూరపు ముల్లు గుచ్చుకున్న సంగతి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మొక్కల ముల్లు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు, అల్ట్రాసౌండ్ తీస్తే దొరుకుతుంది. సబ్బుతో కడగడానికి కొంచెం నీళ్లు, సన్నని ట్వీజర్ వెంట ఉంచుకోండి. తడి ఉన్నచోట దోమలుంటాయి, క్రీము రాయండి.

పదిన్నర, పదకొండుకు బయటపడి ప్యాలెస్ మ్యూజియం చూడొచ్చు. 1937లో కట్టిన మట్టి ప్యాలెస్ అది. షేక్ జాయెద్ 1966లో అబుదాబి పాలకుడయ్యేదాకా అందులో ఉన్నారు. నీడ, కూర్చునే చోట్లు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకు విశ్రాంతిగా ఉంటుంది. వంటగది, కాఫీ గదులు, అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ చూస్తే అరగంట, ముప్పావుగంట. శనివారం అంటున్నారు కాబట్టి ఫర్వాలేదు, శుక్రవారం ఉదయం, సోమవారం ఇలాంటి చోట్లు మూసి ఉండే అవకాశం ఎక్కువ. జూ కూడా అదే రోజు పెట్టుకుందామా అని అడిగారు. వద్దు. దానికే ఒక పూర్తి రోజు కావాలి.

భోజనానికి గ్రీన్ ముబజ్జరా. ఒయాసిస్ నుంచి కారులో ఇరవై నిమిషాలు, జబల్ హఫీత్ కొండ అడుగున పచ్చిక మైదానాలు, వేడినీటి ఊట కాలువలు. చాప పరుచుకోవడానికి, పిల్లలు పరిగెత్తడానికి ఇదే చోటు. శనివారం ఒంటిగంట దాటితే నీడ ఉన్న చోటు దొరకడం కష్టం, పన్నెండుకల్లా చేరండి. చెట్లు పలచన కాబట్టి పాప్-అప్ టెంటుగానీ పెద్ద గొడుగుగానీ ఉండాలి. గాలికి టెంటు లేచిపోకుండా మేకులతో బిగించండి. పచ్చిక మీద బొగ్గులు పెట్టి బార్బెక్యూ చేస్తే జరిమానా. నిర్దేశించిన చోట్లలోనే, నేలకు ఎత్తుగా ఉండే స్టాండు మీదే చెయ్యాలి. వేడినీటి కాలువలో కాళ్లు పెట్టుకుంటే నాన్నగారి మోకాళ్లకు హాయిగా ఉంటుంది. ఊటకు దగ్గరగా నీళ్లు బాగా వేడి, దూరం పోయేకొద్దీ గోరువెచ్చన. పెద్దవాళ్లు ముందు చెయ్యి పెట్టి చూశాకే పిల్లలను దించండి. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే వాళ్లను దించొద్దు, కాలిన సంగతి వాళ్లకు తెలియదు.

తిండి విషయంలో మన పులిహోరను మించింది లేదు. చింతపండు పులుపు, నూనె వల్ల నిలవుంటుంది. అయినా వేడివేడిగా డబ్బాలోకి ఎత్తి మూత బిగిస్తే ఆవిరి నీరై మెతుకులు చెమ్మగిల్లి పాడవుతుంది. వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరాక సర్దండి. ఆరుగురికి పులిహోరకు అరకిలో బియ్యం, దద్దోజనానికి పావుకిలో సరిపోతాయి. దద్దోజనంలో పెరుగు తగ్గించి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి కలపండి, మధ్యాహ్నానికి పులవదు. అది మాత్రం ఐస్ బాక్సులోనే ఉండాలి. ఐసు ముక్కలు కొనొద్దు, ఒకటిన్నర లీటరు నీళ్ల సీసాలు మూడు ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి అడుగున పెట్టండి. కరిగేకొద్దీ చల్లటి తాగునీళ్లవుతాయి. సీసాలను మూడొంతులే నింపాలి, లేకపోతే పగులుతాయి. కొబ్బరి పచ్చడి, కోడిగుడ్డు కూర, మాంసం తీసుకెళ్లకండి. డిక్కీలో ఐదు గంటలు మగ్గాక వాటిని నమ్మలేం. మూడో వరుస కూడా వాడితే వెనక చోటు తక్కువ, పొడుగాటి డబ్బాల కన్నా ఒకదాని మీద ఒకటి పేర్చే క్యారియర్ మంచిది.

నీళ్లు చలికాలంలో తలా రెండు లీటర్లు, అంటే 12 లీటర్లు, చేతులు కడుక్కోవడానికి ఇంకో 5 లీటర్ల క్యాను. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు. పొట్లం మీద ఎన్ని నీళ్లలో కలపాలో చదవండి. 200 మిల్లీలీటర్లకు సరిపోయేవీ ఉన్నాయి, లీటరుకు సరిపోయేవీ ఉన్నాయి. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపి పిల్లలకు తాగిస్తే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. డిసెంబరులో వడదెబ్బ భయం తక్కువే, కానీ ఎవరైనా మే తర్వాత వెళ్లేటట్టయితే ఎనిమిదికి లోపలికి వెళ్లి తొమ్మిదిన్నరకల్లా బయటికి వచ్చెయ్యాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే 998కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరాలి. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పొయ్యకూడదు. నిద్రపోతున్న పాపను "ఐదు నిమిషాలే కదా" అని కారులో వదిలి దిగడం ఏ నెలలోనూ వద్దు. పది నిమిషాల్లో లోపల దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది.

మూడున్నరకు ఓపిక ఉంటే జబల్ హఫీత్ ఎక్కండి. దాదాపు 12 కిలోమీటర్ల మలుపుల రోడ్డు. పైన కింది కన్నా ఐదారు డిగ్రీలు చలి, గాలి ఎక్కువ, స్వెటర్లు కారులోనే ఉండాలి. తిన్న వెంటనే ఎక్కితే పిల్లలు వాంతి చేసుకుంటారు, అందుకే భోజనానికీ కొండకూ మధ్య రెండు గంటలైనా ఉండాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది, గేరు తగ్గించి ఇంజిను పట్టుతో దిగండి. సూర్యాస్తమయం దాకా ఆగాలని అందరికీ ఉంటుంది, శనివారం ఆ తర్వాత అందరూ ఒక్కసారే దిగుతారు, గంట పోతుంది. నాలుగున్నరకు దిగితే ఏడులోపు ఇల్లు చేరతారు.

ఫోన్ల సంగతి ఒకటి మిగిలింది. అల్ ఐన్ పక్కనే ఒమన్‌లోని బురైమి. సరిహద్దు అంచుల్లో ఫోను ఒమన్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, చూసుకోకపోతే రోమింగ్ బిల్లు వస్తుంది. అమ్మానాన్నల ఇండియా సిమ్‌తో సహా అందరి డేటా రోమింగ్ ఆపెయ్యండి. మ్యాపు ఎప్పుడైనా దగ్గరి దారని బురైమి వైపు చూపిస్తే తిరగకండి. అది అంతర్జాతీయ సరిహద్దు, మీ అమ్మానాన్నలది సింగిల్ ఎంట్రీ విజిట్ వీసా అయితే దాటాక తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి, కారుకు ఒమన్ బీమా విడిగా లేకపోతే అదీ ఇబ్బందే. మ్యాపులో "అల్ ఐన్ ప్యాలెస్ మ్యూజియం" అని కొట్టి బయలుదేరండి, "ఒయాసిస్" అని కొడితే అదే ఊళ్లోని ఖత్తారా, జీమీ ఒయాసిస్‌లు కూడా వరసగా వస్తాయి.